బెంగళూరులో కొన్న పాత బైకును అనంతపురం దాకా ఎలా తెచ్చుకోవాలి

బేరం కుదిరింది, డబ్బు ఇచ్చారు, తాళం మీ జేబులో పడింది. అయినా ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ కార్డులో) మీ పేరు ఎక్కేదాకా రికార్డుల్లో ఆ బండి అమ్మినాయనదే. ఇంటికి తెచ్చే ఆ ఒక్కరోజు మీరు తిరిగేది ఆయన కాగితాల మీద. అవి సరిగ్గా ఉంటే దారిలో ఎవరు ఆపినా రెండు నిమిషాల పని. లేకుంటే కొడికొండ దగ్గరో పెనుకొండ దగ్గరో బండిని స్టేషన్‌లో వదిలేసి, బస్సెక్కి ఊరు చేరాల్సి వస్తుంది. అందుకే కింద చెప్పిన పనుల్లో సగానికి పైగా చివరి రూపాయి చేతులు మారకముందు చేయాల్సినవే.

అనంతపురం, హిందూపురం వాళ్లకు పాత బండ్ల సంత అంటే బెంగళూరే. కర్నూలు వాళ్లు హైదరాబాద్ వైపు చూస్తారు. కడప వాళ్లు రెండు వైపులా పోతారు. ఇక్కడ బెంగళూరు నుంచి అనంతపురం దారిని ముందు పెట్టుకున్నాం. సుమారు 215 కిలోమీటర్లు, దాదాపు అంతా 44వ నంబరు హైవే. మిగతా వాళ్లకు తేడా వచ్చే చోట ఆ మాట విడిగా ఉంది.

ముందు నంబరు ప్లేటు చదవండి

ఏ కాగితాలు కావాలో ప్లేటు మీద మొదటి నాలుగు అక్షరాలే చెప్తాయి. ఏపీ 02 అనంతపురం, ఏపీ 04 కడప, ఏపీ 21 కర్నూలు. 2019 మొదట్లో జిల్లా కోడ్లు ఎత్తేసి రాష్ట్రమంతటికీ ఏపీ 39 పెట్టారు. ఇలాంటి బండి కర్నూలులో కొని కడపకు తెచ్చుకుంటే ఎన్‌వోసీ (పాత ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం) అక్కర్లేదు, నంబరూ మారదు. ఓనర్‌షిప్ మార్చుకుని, అడ్రసు మార్చుకుంటే చాలు.

కేఏతో మొదలయ్యే బండికి, టీఎస్ లేదా టీజీతో మొదలయ్యే బండికి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ కావాలి. ఇక్కడికి వచ్చాక కొత్త నంబరు వేయించుకోవాలి.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఏపీ 09, ఏపీ 28, ఏపీ 29 లాంటి నంబర్ల దగ్గర. చూడ్డానికి ఏపీ బండే. కానీ అది 2014కు ముందు హైదరాబాద్, రంగారెడ్డిలో రిజిస్టర్ అయింది కాబట్టి దాని రికార్డు తెలంగాణలో ఉంటుంది. ఎన్‌వోసీ తెలంగాణ నుంచే రావాలి. పైగా వయసు కూడా చూసుకోండి. టూవీలర్ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే ఇస్తారు. ఆర్‌సీలో ఆ తేదీ దాటిపోయి, రెన్యువల్ కాకపోతే అది రిజిస్ట్రేషన్ లేని బండి కిందే లెక్క. అలాంటి దాన్ని నడుపుకుంటూ తేవొద్దు. రెన్యువల్ అమ్మేవాళ్ల చేత చేయించండి, లేదా ఆ బేరమే వదులుకోండి.

ఫోన్‌లో, బండి మీద చూసుకోవాల్సినవి

ఎంపరివాహన్ యాప్‌లో గానీ పరివాహన్ వెబ్‌సైట్‌లో గానీ నంబరు కొట్టండి. రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, పొల్యూషన్ ఎప్పటిదాకా, ఫైనాన్స్ ఉందా, బ్లాక్‌లిస్ట్‌లో ఉందా అన్నవి కనిపిస్తాయి. తర్వాత ఈ-చలానా సైట్‌లో అదే నంబరు కొట్టి పాత జరిమానాలు చూడండి. బెంగళూరు బండి అయితే ట్రాఫిక్ పోలీసుల రికార్డు కూడా చూడాలి. హెల్మెట్ లేదని, సిగ్నల్ దాటారని కెమెరాలు పెట్టిన కేసులు కుప్పలుగా ఉంటాయి. అవన్నీ కట్టకుండా ఎన్‌వోసీ ముందుకు కదలదు. ఆ మొత్తం అమ్మేవాళ్ల ధరలోంచి తగ్గించుకుని మీరు కడతారో, వాళ్లే కడతారో అక్కడే తేల్చుకోండి.

ఫైనాన్స్ ఉన్నట్టు చూపిస్తే బ్యాంకు ఇచ్చిన నో డ్యూస్ ఉత్తరం ఒక్కటే చాలదు. లోను తీరిందని తెలిపే ఫారం 35 కూడా ఫైనాన్సరు సంతకం, ముద్రతో కావాలి. "లోను ఎప్పుడో కట్టేశాం సార్" అన్న మాట నిజమే కావచ్చు. కానీ ఆర్‌సీ మీద హైపోథికేషన్ (లోను ఉందన్న నమోదు) తీయించకపోతే ఓనర్‌షిప్ మారదు. ఆ పని అమ్మేవాళ్ల చేత పూర్తి చేయించాకే తెచ్చుకోండి.

ఇప్పుడు బండి దగ్గరికి రండి. హ్యాండిల్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి, ఫ్రేము మెడ మీద చెక్కిన చాసిస్ నంబరు చూడండి. మట్టీ గ్రీజూ పట్టి ఉంటే పెట్రోలు తడిపిన గుడ్డతో తుడవండి. మొత్తం 17 అక్షరాలు. ఆర్‌సీతో ఒక్కొక్కటిగా పోల్చండి, చివరి ఐదూ చూసి ఊరుకోవద్దు. అంకెలు ఒకదానికొకటి వరుస తప్పినా, ఒకటి లోతుగా ఒకటి పైపైన ఉన్నా, ఆ చుట్టూ మాత్రమే కొత్త రంగు కొట్టినా అక్కడితో ఆపేయండి. ఇంజిన్ నంబరు కింద క్రాంక్‌కేస్ మీద ఉంటుంది. ఇంజిన్ మార్చిన బండ్లు సిటీలో తక్కువేం కాదు. మార్చినట్టు ఆర్‌సీలో ఎక్కించకపోతే అనంతపురంలో ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) బండి చూసిన రోజు ఇబ్బంది పడేది మీరే.

ఎన్‌వోసీ ముందా, బండి ముందా

రాష్ట్రం సరిహద్దు దాటడానికి ఎన్‌వోసీ చూపాలన్న రూలు లేదు. వేరే రాష్ట్రపు నంబరుతో బండి ఇక్కడ 12 నెలల దాకా ఉండొచ్చు. ఎన్‌వోసీ అవసరం పడేది పేరు, నంబరు మార్చుకునేటప్పుడు. ఇది చూసే చాలామంది "ముందు బండి తెచ్చుకుందాం, ఎన్‌వోసీ నిదానంగా పంపుతారులే" అనుకుంటారు.

ఆ పని చేయొద్దు. డబ్బంతా ముట్టాక అమ్మినాయనకు మీ ఫోను ఎత్తే అవసరం ఉండదు. ఆయన ఉద్యోగం మారి పుణె పోవచ్చు, ఆధార్‌కు లింకైన సిమ్ మారిపోవచ్చు. పైగా ఎన్‌వోసీ దరఖాస్తుకు ఆర్‌సీ, చాసిస్ ప్రింట్ కావాలి. బండి అనంతపురంలో, దరఖాస్తు యశ్వంతపురంలో ఉంటే కాగితాలు కొరియర్లలో తిరుగుతుంటాయి, ఆర్‌సీ లేకుండా మీరు ఊళ్లో తిరుగుతుంటారు.

సరైన వరస ఇది. అడ్వాన్సు ఇచ్చి రసీదు తీసుకోండి. అమ్మేవాళ్లు తమ ఆర్టీవోలో ఫారం 28తో ఎన్‌వోసీకి దరఖాస్తు పెడతారు. పెన్సిల్‌తో రుద్ది తీసిన చాసిస్ ప్రింట్లు దానికి జత చేస్తారు. ఎన్‌వోసీ వచ్చాక మీరు వెళ్లి, మిగతా డబ్బు ఇచ్చి, ఆర్‌సీ, ఎన్‌వోసీ రెండూ చేతబట్టుకుని బండి తెచ్చుకుంటారు. ఇంకోసారి బెంగళూరు బస్సు చార్జీ దండగ అనిపిస్తుంది. ఆ దండగే చవక.

ఎన్‌వోసీ ఏ ఆర్టీవో పేరు మీద అడగాలో మీరే రాసి ఇవ్వండి. "అనంతపురం జిల్లా" అని నోటితో చెప్పేస్తే తప్పు పడే అవకాశం ఎక్కువ. 2022లో జిల్లాలు విడిపోయాక హిందూపురం, కదిరి శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయాయి. నంద్యాల కర్నూలు నుంచి వేరుపడింది. రాయచోటి కడప నుంచి పోయింది. మీ ఆధార్‌లో ఉన్న అడ్రసు ఏ ఆఫీసు కిందికి వస్తుందో కనుక్కుని ఆ పేరే వేయించాలి. తప్పు ఆఫీసు పేరు పడితే మళ్లీ కర్ణాటకకే పోవాలి.

సంతకాలు, ఓటీపీలు, డెలివరీ నోటు

బండి తీసుకునే రోజు అమ్మేవాళ్ల సంతకం ఉండాల్సినవి: ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30 (ఈ రెండూ ఓనర్‌షిప్ మార్పుకు), లోను ఉండి ఉంటే ఫారం 35. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టించుకుని వచ్చేయడం బ్రోకర్ల అలవాటు. మీరు మాత్రం నంబరు, చాసిస్, ఇంజిన్, మీ పేరు, తేదీ అన్నీ నింపాకే పెట్టించండి. సంతకం ఆర్‌సీ దరఖాస్తులో ఉన్నట్టే ఉండాలి. ఒకచోట పూర్తి పేరు, ఇంకోచోట పొట్టి సంతకం అయితే వెనక్కి పంపుతారు.

ఇప్పుడు చాలా పనులు ఆన్‌లైన్‌లోనే కాబట్టి కాగితం మీద సంతకం ఉన్నా, ఫోనుకు వచ్చే ఓటీపీ లేకపోతే పని ఆగుతుంది. అమ్మేవాళ్ల ఆధార్‌కు లింకైన నంబరు, వాహన రికార్డులో ఉన్న నంబరు రెండూ పనిచేస్తున్నాయా అని వాళ్ల ముందే పరీక్షించండి. ఆధార్ జిరాక్సు మీద "ఫలానా నంబరు బండి అమ్మకానికి మాత్రమే" అని వాళ్ల చేత రాయించి సంతకం తీసుకోండి. వాళ్లకూ అదే భద్రత.

డెలివరీ నోటు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకోండి. అందులో నంబరు, చాసిస్, ఇంజిన్, కిలోమీటర్ల రీడింగ్, ధర, ఎలా చెల్లించారు అన్నవి ఉండాలి. వాటికంటే ముఖ్యం తేదీతో పాటు టైము. "12వ తేదీ ఉదయం 10:40కి బండి అప్పగించాను" అని ఉంటే, 10:15కు సిల్క్ బోర్డు దగ్గర కెమెరాకు చిక్కిన చలానా ఎవరిదో వాదన ఉండదు. దారిలో జరిగినదానికి మీరు బాధ్యులన్నదీ అందులోనే రాస్తారు. ఆ వాక్యం చూసి జంకొద్దు, అది న్యాయమే.

షోరూం లాంటి పాత బండ్ల దుకాణంలో కొంటుంటే ఇంకో మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లకు రవాణా శాఖ గుర్తింపు పత్రం ఉండాలి. బండి తమకు అప్పగించినట్టు ఓనరు ఫారం 29సీ ద్వారా తెలియజేసి ఉండాలి. ఆ రెండూ చూపమనండి. డొంకతిరుగుడు సమాధానం వస్తే అసలు ఓనరుతో ఫోన్‌లో మాట్లాడకుండా డబ్బు ఇవ్వొద్దు. డబ్బులో పదో వంతైనా ఓనర్‌షిప్ మారేదాకా ఆపుకోగలిగితే మంచిది. అందరూ ఒప్పుకోరు, అడగడంలో తప్పు లేదు.

ఇన్సూరెన్స్: అందరూ పొరపడేది ఇక్కడే

బండి అమ్మగానే పాత పాలసీలోని థర్డ్ పార్టీ భాగం కొన్నవాళ్లకు మారినట్టే చట్టం చూస్తుంది. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ఇదే చెప్తుంది. కంపెనీకి మీరు 14 రోజుల్లోగా దరఖాస్తు చేసుకోవాలి. కాబట్టి బతికున్న పాలసీ ఉంటే, ఇంటికి తెచ్చే రోజు మీ వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే దానికి రక్షణ ఉంటుంది.

అయితే ఫుల్ ఇన్సూరెన్స్ ఉందని అమ్మేవాళ్లు గొప్పగా చెప్తే సంబరపడొద్దు. బండికి జరిగే నష్టం తాలూకు భాగం కంపెనీ రికార్డులో మీ పేరు ఎక్కేదాకా మీకు పనికిరాదు. బాగేపల్లి దాటాక జారిపడి ట్యాంకు సొట్టపోతే ఆ ఖర్చు మీదే. నో క్లెయిమ్ బోనస్ మనిషిది, బండిది కాదు. అది అమ్మినాయనతోనే పోతుంది, పేరు మార్చేటప్పుడు ఆ తేడా మీ దగ్గర కట్టించుకుంటారు. 15 లక్షల ప్రమాద బీమా కూడా ఓనరుకే. ఆ రోజుకు మీరింకా ఓనరు కాదు.

పాలసీ అయిపోయి ఉంటే? మీ పేరు మీద కొత్తది తీసుకోవడం కుదరదు, ఆర్‌సీ వేరే పేరు మీద ఉంది కదా. అమ్మేవాళ్ల పేరు మీదే ఏడాదికి థర్డ్ పార్టీ పాలసీ తీయించి, ఖర్చు మీరు పెట్టుకోండి. 75 నుంచి 150 సీసీ లోపు బండికి 2022 జూన్ నుంచి ఉన్న రేటు ఏడాదికి 714 రూపాయలు, 150 దాటి 350 దాకా 1,366. జీఎస్టీ అదనం. తర్వాత దాన్నే మీ పేరుకు మార్పించుకోవచ్చు. ఒక చిక్కు మాత్రం గుర్తుంచుకోండి. గడువు దాటిన బండికి ఆన్‌లైన్‌లో తీసిన పాలసీ డబ్బు కట్టిన నిమిషం నుంచే మొదలవుతుందని గ్యారంటీ లేదు. మరుసటి రోజు అర్ధరాత్రి నుంచి, ఒక్కోసారి ఇంకా తర్వాత మొదలవుతుంది. పీడీఎఫ్ తెరిచి "ఎప్పటి నుంచి" అన్న చోట తేదీ, టైము చదవండి. ఆ టైము రాకముందు బండి రోడ్డెక్కించొద్దు. పార్కింగ్‌లో ఒక రాత్రి ఉంచినా నష్టం లేదు.

ఇన్సూరెన్స్ లేకుండా పట్టుబడితే చట్టంలో మొదటిసారి 2,000, రెండోసారి 4,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. జరిమానా చిన్న మాట. మనిషికి తగిలితే పరిహారం లక్షల్లో పోతుంది. ఆర్‌సీలో పేరున్నవాళ్లే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఓనర్‌షిప్ మార్చే పనికి ఓటీపీ చెప్పడానికి బద్ధకించే అమ్మకందారుకు ఈ ఒక్క సంగతి చెప్పండి, వెంటనే ఫోను ఎత్తుతారు.

పొల్యూషన్ సర్టిఫికెట్ పెద్ద పని కాదు. బంకు పక్కన వ్యానులో పది నిమిషాలు. అయిపోయి ఉంటే బయల్దేరేముందే తీయించండి, కర్ణాటకలో తీసినా ఇక్కడ చెల్లుతుంది.

నడుపుకుంటూ వస్తే

మీకు గేరు బండి లైసెన్సు ఉండాలి. ఎల్ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ల లైసెన్సు) మీద, గేరు లేని బండి లైసెన్సు మీద కుదరదు. హెల్మెట్ మీ ఊరి నుంచే తీసుకుపోండి. అమ్మేవాళ్లు ఇచ్చే పాత డొప్పను నమ్ముకోవద్దు. వెనక ఎవరైనా కూర్చుంటే వాళ్లకూ కావాలి.

కొన్న చోటికి దగ్గర్లోనే ఒక మెకానిక్ దగ్గర గంట గడపండి. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గాడి ఎంత లోతున్నా ఆరేళ్లు దాటిన టైరుతో వేసవిలో ఈ దారి రావొద్దు. మే నెలలో పెనుకొండ దాటాక రోడ్డు పెనంలా కాలుతుంది, పాత ట్యూబు అతుకు దగ్గరే ఊడుతుంది. గాలి మామూలు కమ్యూటర్ బండికి ఒక్కరే ఉంటే ముందు 25, వెనక 28 పీఎస్‌ఐ. మీ బండికి ఎంతన్నది చైన్ కవర్ మీద స్టిక్కరు చెప్తుంది. చైను మధ్యలో వేలితో ఎత్తితే 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. బిగువుగా ఉంటే వేడెక్కి బేరింగులు తింటుంది. మరీ వదులైతే పళ్లు దాటి పడిపోతుంది. ఇంజిన్ ఆయిలు ఎప్పుడు మార్చారన్న మాట ఎవరు చెప్పినా నమ్మొద్దు, మార్పించేయండి. 100 సీసీ బండికి లీటరు లోపే పడుతుంది. పాతది పారబోసేటప్పుడు అందులో లోహపు తళుకు కనిపిస్తే బండిని నడపకుండా వ్యానెక్కించండి.

ట్యాంకులో పెట్రోలు ఉండదు. అమ్మేవాళ్లు ఆఖరి చుక్క దాకా తోడేసే ఇస్తారు, దేశాచారం. చాలాకాలం నిలబెట్టిన బండి అయితే ట్యాంకు మూత తీసి టార్చితో లోపల తుప్పు చూడండి. తుప్పు ఉంటే ఫుల్ ట్యాంకు కొట్టించగానే అది కదిలి కార్బరేటర్‌లో చేరుతుంది, దేవనహళ్లి దాటకముందే బండి దగ్గుతుంది.

సీటు కింద పెట్టుకోవాల్సినవి: ఒక స్పార్క్ ప్లగ్, ప్లగ్ స్పానరు, క్లచ్ వైరు, ఫ్యూజు, వెనక చక్రం ట్యూబు.

తెల్లవారుజామునే బయల్దేరండి, చీకటి పడేలోగా చేరిపోవాలి. పాత బండి హెడ్‌లైటు హైవే మీద ఎంత దూరం కొడుతుందో మీకింకా తెలియదు. మొదటి 20 కిలోమీటర్లు 50 దాటొద్దు. తర్వాత ఒక చోట ఆపి, రెండు చక్రాల హబ్బుల దగ్గర చేయి పెట్టి చూడండి. ఒకటి చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే బ్రేకు పట్టుకుని తిరుగుతోందన్నమాట. రాడ్డు చివర నట్టు ఒకటి రెండు చుట్లు వదులు చేస్తే సరిపోతుంది. ఇంజిన్ కింద ఆయిలు చుక్క, చైను శబ్దం చూసుకోండి. తేడా లేకుంటే 60 మీద నిలకడగా రండి. కొత్త బండి ఎంత లాగుతుందో చూద్దామన్న సరదాకు మన ఊరి రోడ్లున్నాయి.

టోల్‌గేట్ల దగ్గర టూవీలర్‌కు డబ్బు లేదు. ఎడమ పక్క చివరి సందులోంచి రావాలి. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ కంటైనర్లు మలుపు తిరుగుతుంటాయి, వాటి వెనక దూరం ఉంచండి.

బెంగళూరు నుంచి కడప వచ్చేవాళ్లకు మదనపల్లె, రాయచోటి దారి దగ్గర. కానీ గువ్వలచెరువు ఘాట్ ఉంది. లారీల మధ్య దిగుడు మలుపులు. ఊళ్లో పాలకోవా కోసం ఎటూ ఆగుతారు, ఆ పది నిమిషాల్లో బ్రేకులు చల్లారనిచ్చి, బిగువు చూసుకుని అప్పుడు దిగండి. క్లచ్చు పట్టి, న్యూట్రల్‌లో దిగితే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. రెండో గేరులో దిగండి.

హైదరాబాద్ నుంచి కర్నూలు వచ్చేవాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ రోడ్డెక్కొద్దు, టూవీలర్లు నిషేధం. సర్వీసు రోడ్డునో ఊరి లోపలి నుంచో శంషాబాద్ చేరి 44వ నంబరు పట్టుకోవాలి.

వ్యానులో తెస్తే

కాగితాల్లో ఏదైనా బాకీ ఉన్నా, టైర్లు బాగా లేకున్నా, మీకు అలవాటు లేకున్నా టాటా ఏస్ మాట్లాడుకోవడమే తెలివి. రోడ్డు మీద నడవని బండికి ఇన్సూరెన్సు, పొల్యూషన్ అడగరు. ఆర్‌సీ, డెలివరీ నోటు, మీ ఆధార్ మాత్రం వ్యానులోనే ఉండాలి. కిరాయికి పోయేది పసుపు బోర్డు బండే కావాలి. డీలర్ దగ్గర 50,000 పైన కొని వాళ్లే పంపుతుంటే, బిల్లుతో పాటు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు తీసుకునే జీఎస్టీ పత్రం) సంగతి వాళ్లనే అడగండి.

ఎక్కించడానికి ఏడెనిమిది అడుగుల పొడవు, రెండంగుళాల మందం ఉన్న చెక్క పలక కావాలి. దొరక్కపోతే మనూళ్లలో ఎద్దుల్ని ఎక్కించినట్టు, వ్యానును మట్టి గట్టుకు ఆనించండి. ఇంజిన్ ఆపి, ఇద్దరు చెరో పక్క, ఒకరు వెనక నిలబడి నెట్టాలి. స్టార్ట్ చేసి క్లచ్చు మీద ఎక్కించే వీరులు పలక జారి పక్కకు పడతారు.

కట్టే తీరు మీదే అంతా ఉంది. ముందు చక్రం క్యాబిన్ గోడకు తగిలించి, మధ్యలో పాత టైరో గోతం సంచుల కట్టో పెట్టండి. సైడ్ స్టాండు మీదా సెంటర్ స్టాండు మీదా ఉంచొద్దు. గుంత వచ్చినప్పుడల్లా బరువంతా స్టాండు మీద పడి, అది వంగుతుంది, లేదా బండి దాని మీంచి దూకుతుంది. బండి తన చక్రాల మీద నిటారుగా నిలబడాలి. ముందు ఫోర్కులు రెండూ హ్యాండిల్ కింద కలిసే మందపాటి ఇనుప భాగానికి చెరోవైపు ఒక రాచెట్ బెల్టు వేసి, కిందికి, కొంచెం ముందుకు లాగండి. హ్యాండిల్ చివర్లకు కడితే హ్యాండిల్ వంగుతుంది, క్లచ్చు వైరు నలుగుతుంది. ఫోర్కు మూడో వంతు కిందికి దిగేదాకా బిగిస్తే చాలు. అడుగంటా బిగిస్తే మొదటి గుంతకే ఆయిలు సీళ్లు పోయి, ఇంటికొచ్చేసరికి ఫోర్కు కాళ్ల మీద ఆయిలు కారుతుంటుంది. వెనక గ్రాబ్ రైలుకు (సీటు వెనక పట్టుకునే కడ్డీకి) కాకుండా ఫ్రేముకు రెండు బెల్టులు. బెల్టు ట్యాంకును రాసుకునే చోట పాత దుప్పటి గుడ్డ. మొదటి గేరులో వేయండి, హ్యాండిల్ లాక్ మాత్రం వేయొద్దు, కుదుపులకు లాకు విరుగుతుంది. పెట్రోలు ట్యాపు మూయండి.

బెల్టులు లేక నైలాన్ తాడే దిక్కయితే అది సాగుతుంది. 20 కిలోమీటర్ల తర్వాత ఆపి మళ్లీ బిగించాలి. బండి పట్టుకుని ఎవరూ వెనక తొట్టిలో కూర్చోవద్దు. అది చట్టవిరుద్ధం, ఏదైనా అయితే బీమా రాదు. వ్యాను థర్డ్ పార్టీ పాలసీ అందులోని సరుకుకు వర్తించదని కూడా తెలుసుకోండి.

రైల్లో అయితే

దూరం నుంచి, అంటే చెన్నై, ముంబై నుంచి తెచ్చేటప్పుడు రైలు పనికొస్తుంది. బెంగళూరు నుంచి అంత హడావిడి అక్కర్లేదు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, గోనెతో ప్యాక్ చేయించి, ఆర్‌సీ జిరాక్సు, గుర్తింపు కార్డుతో పార్శిల్ ఆఫీసులో ఇవ్వాలి. ట్యాంకులో పెట్రోలు ఉంటే జరిమానా. గమ్యం రాసేటప్పుడు రైలు ఎంతసేపు ఆగుతుందో చూడండి. రెండు నిమిషాలు ఆగే స్టేషన్‌లో బండి దించరు, ముందుకు వెళ్లిపోతుంది. మన వైపు గుంతకల్లు జంక్షన్‌కు బుక్ చేసుకుని, అక్కణ్ణుంచి తెచ్చుకోవడం నయం. వచ్చాక ఆలస్యం చేస్తే వార్ఫేజ్ (స్టేషన్‌లో ఉంచినందుకు చార్జీ) పడుతుంది.

దారిలో ఆపితే

వేరేవాళ్ల పేరు మీదున్న బండి నడపడం నేరం కాదు. ఆపినవాళ్లకు వచ్చే మొదటి అనుమానం దొంగ బండేమో అని. అసలు ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్, మీ లైసెన్సు, వాటి మీద డెలివరీ నోటు పెట్టి ఇవ్వండి. డిజిలాకర్, ఎంపరివాహన్‌లో ఉన్నవి అసలు పత్రాలతో సమానమే. కానీ డిజిలాకర్‌లో ఆర్‌సీ వచ్చేది ఓనరు ఖాతాలో, మీ ఖాతాలో కాదు. అందుకే కార్డు చేతిలో ఉండాలి. వాట్సాప్‌లో పంపిన ఫొటో పత్రం కాదు. అమ్మినాయన ఆ రోజు ఫోను ఎత్తేలా ముందే చెప్పి ఉంచండి.

ఇంటికొచ్చాక 30 రోజులు

రాష్ట్రంలోపల కొన్నదైతే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలి. అమ్మకం రాష్ట్రం దాటితే ఎన్‌వోసీతో సహా తెలపడానికి అమ్మినవాళ్లకు 45 రోజులు. మీరు ఆ గడువుల కోసం చూడకుండా మొదటి వారంలోనే స్లాటు బుక్ చేసుకోండి. కర్ణాటక బండికి ఫారం 29, 30తో పాటు కొత్త నంబరు కోసం ఫారం 27, ఎన్‌వోసీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్, అడ్రసు రుజువు ఉంటాయి. టూవీలర్ ఓనర్‌షిప్ మార్పు ఫీజు కేంద్రం రేటు ప్రకారం 150 రూపాయలే, సర్వీసు చార్జీలు వేరు. అసలు ఖర్చు లైఫ్ ట్యాక్సు. బండి వయసును, మొదటి కొనుగోలు ధరను బట్టి ఇక్కడ మళ్లీ కట్టాలి. కాబట్టి మొదటి షోరూం బిల్లు అమ్మేవాళ్ల దగ్గర ఉంటే ఆ రోజే అడిగి తెచ్చుకోండి. బేరమాడేటప్పుడు కూడా ఈ ట్యాక్సు కలిపి లెక్కేసుకోవాలి. బెంగళూరు ధర చవకగా కనిపించడానికి సగం కారణం ఇదే.

కొత్త నంబరు పడ్డాక కర్ణాటకలో కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు. ఇక్కడి కొత్త ఆర్‌సీ నకలు దానికి జత చేయాలి. ఆ డబ్బు ఎవరిదన్నది డెలివరీ నోటులో ఒక్క లైను రాసుకుని ఉంటే గొడవ రాదు. అదే వారంలో ఇన్సూరెన్స్ కంపెనీకి కొత్త నంబరు, మీ పేరు రెండూ ఒకే దరఖాస్తులో పంపండి.